ముందస్తు ఓటింగ్ మార్పులకు ఖర్చయిన ప్రజాధనాన్ని దావా వేసి కట్టించవచ్చా?

ప్రశ్న: నేను అమెరికా పౌరుడిని, నార్త్ కరోలినాలో స్థిరపడ్డాను. మా కౌంటీలో ముందస్తు ఓటింగ్ కేంద్రాలను తగ్గించారు. గత సాధారణ ఎన్నికల్లో చాలాసేపు వరుసలో నిలబడి, ఓటు వేయకుండానే వెనుదిరిగాను. చివరికి పోలింగ్ రోజున సెలవు పెట్టి ఓటు వేశాను. ఈ నిబంధనలను పదేపదే మార్చడానికీ, వాటిపై కోర్టుల్లో వాదించడానికీ మా పన్నుల సొమ్మే వాడారు. ఆ సొమ్మును బాధ్యులచేత కట్టించాలని నా పట్టుదల. గ్రీన్ కార్డుపై మాతో ఉంటున్న మా అమ్మగారి చేత కూడా వృద్ధ ఓటరుగా అఫిడవిట్ ఇప్పిస్తే కేసు బలపడుతుందని ఒక మిత్రుడు చెబుతున్నారు. గెలిస్తే లాయరు ఫీజు కూడా ప్రభుత్వమే భరిస్తుందని విన్నాను. నిజమేనా?

జవాబు: ముందుగా మీ మిత్రుడి సలహా సంగతి చెబుతాను, ఎందుకంటే అది ఆచరిస్తే మీ కుటుంబానికి జరిగే నష్టం ఏ దావాతోనూ పూడదు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఆ రాష్ట్రంలో ఓటు హక్కు లేదు. మీ అమ్మగారు తాను ఓటరునని ప్రమాణం చేసి సంతకం పెడితే అది అబద్ధపు ప్రమాణం అవుతుంది, అమెరికా పౌరురాలినని చెప్పుకున్నట్టూ అవుతుంది. 1996 సెప్టెంబరు 30 తర్వాత చేసిన అలాంటి అబద్ధపు ప్రకటన ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం దేశం నుంచి పంపివేయడానికి కారణం కాగలదు, దానికి మినహాయింపులు దాదాపు లేవు. ఈ ఆలోచన ఈ క్షణమే మానుకోండి. డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తు సమయంలో పొరపాటున ఆమె పేరు ఓటరు జాబితాలో చేరిందేమో కూడా చూడండి. చేరి ఉంటే ఎవరికీ ఏమీ రాసివ్వకుండా, ముందు ఇమిగ్రేషన్ న్యాయవాదిని కలవండి.

ఇక మీ దావా. మీ ఉత్తరంలో ఎక్కువ భాగం వరుసలో పడ్డ కష్టం గురించే ఉంది గాని, ఈ కేసును తేల్చేది అది కాదు. ఖర్చయిన డబ్బు చట్టవిరుద్ధంగా ఖర్చయిందా, లేక చట్టానికి లోబడే అవివేకంగా ఖర్చయిందా అన్న ఒక్క అంశం మీదనే మీ కేసు నిలుస్తుంది లేదా పడిపోతుంది. పన్ను కడుతున్నాను కాబట్టి ప్రభుత్వ ఖర్చును ప్రశ్నిస్తానంటే ఫెడరల్ కోర్టులు సాధారణంగా వినవు, 1923 నాటి ఫ్రాతింగ్‌హామ్ కేసు నుంచీ ఆ తలుపు మూసే ఉంది. నార్త్ కరోలినా రాష్ట్ర కోర్టులు కొంత ఉదారంగా ఉంటాయి. హైవే ట్రస్ట్ ఫండ్ సొమ్మును ఇతర అవసరాలకు మళ్లించారని వేసిన గోల్డ్‌స్టన్ కేసులో, అలాంటి ఆరోపణతో దావా వేసే అర్హత పన్ను చెల్లింపుదారులకు ఉందని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. అయితే అక్కడి ఆరోపణ నిధులను చట్టవిరుద్ధంగా మళ్లించారన్నది. మీ ఉత్తరంలో అలాంటి ఆరోపణ ఒక్కటి కూడా నాకు కనిపించలేదు.

2013లో ఆ రాష్ట్ర శాసనసభ ముందస్తు ఓటింగ్‌ను 17 రోజుల నుంచి 10 రోజులకు కుదించింది. ఆ చట్టంలోని ఈ నిబంధనతో పాటు మరికొన్నిటిని నార్త్ కరోలినాపై అధికారం ఉన్న ఫెడరల్ అప్పీళ్ల కోర్టు (నాలుగో సర్క్యూట్) 2016 జూలైలో కొట్టివేసింది, 2017 మేలో అమెరికా సుప్రీంకోర్టు రాష్ట్రం అప్పీలును విచారణకు స్వీకరించలేదు. ఇన్నేళ్ల వ్యాజ్యంలో రాష్ట్రం తరఫున పెట్టిన ప్రతి డాలరూ ప్రజలదే. అయినా దాన్ని ఎవరి దగ్గరా వసూలు చేయలేరు, ఎందుకంటే తాను చేసిన చట్టాన్ని సమర్థించుకునే అధికారం రాష్ట్రానికి ఉంది, చట్టానికి ఓటు వేసినందుకు శాసనసభ్యులపై వ్యక్తిగతంగా దావా వేయడానికీ వీలు లేదు.

మీ కౌంటీలో కేంద్రాలు తగ్గడం వెనుక ఉన్న కథ దీనికంటే చిన్నదిగా కనిపిస్తుంది గాని, నా దృష్టిలో ప్రజలకు అసలు భారం పడింది అక్కడే. ముందస్తు కేంద్రాలన్నీ పనిదినాల్లో ఉదయం 7 నుంచి రాత్రి 7 వరకు ఒకే వేళల్లో తెరిచి ఉండాలని 2018లో రాష్ట్రం చట్టం చేసింది, తర్వాత ఆ వేళలను కొద్దిగా సర్దింది. నియమం రాష్ట్రానిది, సిబ్బంది జీతాలు, అద్దెలు, యంత్రాల ఖర్చు మాత్రం కౌంటీలది. అంతకుముందు ఒక మారుమూల కేంద్రాన్ని కొన్ని గంటలే తెరిచి నడుపుకున్న కౌంటీలు, పన్నెండు గంటలకూ మనుషులను పెట్టలేక ఆ కేంద్రాన్నే ఎత్తివేశాయి. ఆ మిగులును కౌంటీ లెక్కల్లో పొదుపు అంటారు, మీరు కోల్పోయిన సెలవు దినం ఏ లెక్కలోనూ చేరదు. ఇది అన్యాయమని నేనూ అంటాను. కానీ కేంద్రాల ప్రణాళికను కౌంటీ ఎన్నికల బోర్డు చట్టం ఇచ్చిన అధికారంతో ఆమోదించి ఉంటే, అది చట్టవిరుద్ధమైన ఖర్చు కాదు.

సాక్ష్యం విషయంలో మీ నిర్లక్ష్యాన్ని క్షమించడం కష్టం. ఏ తేదీన, ఏ కేంద్రానికి, ఎన్ని గంటలకు వెళ్లారో ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. వెనుదిరిగిన రోజునే బోర్డుకు ఒక ఈమెయిల్ పంపి ఉంటే అది ఈరోజు మీ చేతిలో ఆధారంగా ఉండేది. పౌరహక్కుల ఉల్లంఘనకు నష్టపరిహారం కోరే ఫెడరల్ దావాకు అక్కడ మూడేళ్ల కాలపరిమితి ఉంది కాబట్టి తీరిక ఉందనుకోకండి, నిబంధన మార్చమని కోరేవారికి అంత సమయం ఉండదు. ఎన్నిక ముంగిట నిబంధనలను మార్చవద్దని సుప్రీంకోర్టు 2006లో పర్సెల్ కేసులో ఫెడరల్ కోర్టులను హెచ్చరించింది. 2014లో 2013 చట్టంలోని రెండు నిబంధనలను నిలిపివేయాలని ఓటర్లు అక్టోబరు 1న అప్పీళ్ల కోర్టులో ఆదేశం తెచ్చుకుంటే, 8వ తేదీన సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది.

ఫీజు గురించి విన్నది సగం నిజం. పౌరహక్కుల కేసులో గెలిచిన వాదికి ఫీజు ఇప్పించవచ్చు. కానీ 2025 ఫిబ్రవరి 25న లాకీ వర్సెస్ స్టినీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, మధ్యంతర ఉత్తర్వు వచ్చాక ప్రభుత్వం తానే నిబంధన మార్చుకుని కేసు ముగిస్తే, ఆ వాది గెలిచినవాడి కింద లెక్క కాడు. తుది తీర్పు వరకు వెళ్లి గెలిచినా ఆ ఫీజు ఏ ఖజానాను కాపాడాలని బయల్దేరారో అదే ఖజానా నుంచి వస్తుందని మరవకండి.

చేయదగిన పని వేరే ఉంది. నార్త్ కరోలినా ప్రజా రికార్డుల చట్టం కింద, కారణం చెప్పనక్కర లేకుండా, ముందస్తు ఓటింగ్ ప్రణాళిక ఆమోదించిన సమావేశం మినిట్స్, దానికి జతచేసిన ఖర్చు అంచనాలు, ఒక్కో కేంద్రానికి అయిన ఖర్చు అడగండి. ఏ కేంద్రంలో ఏ రోజున ఎంతమంది ఓటు వేశారో రాష్ట్ర ఎన్నికల బోర్డు ప్రచురించే డేటాలో దొరుకుతుంది. ఓటింగ్ ఆవరణలో మాత్రం ఫోటోలు తీయకండి. తదుపరి ప్రణాళిక కోసం బోర్డు బహిరంగ సమావేశం జరిపినప్పుడు ఈ లెక్కలను లిఖితపూర్వకంగా సమర్పించి, మినిట్స్‌లో నమోదు చేయించండి. బోర్డు ఏకగ్రీవం కాకపోతే అసమ్మతి సభ్యుడు తన ప్రణాళికను రాష్ట్ర బోర్డుకు పంపవచ్చు, అప్పుడు మీ కాగితాలు ఆయనకు ఆధారమవుతాయి. ఆ లెక్కల్లో ఒక జాతి లేదా భాషా వర్గంపైనే భారం పడినట్టు తేలితే అది ఓటింగ్ హక్కుల చట్టం కింద వేరే కేసు, దానికి స్థానిక న్యాయవాదిని వెంటనే కలవాలి. కేంద్రాలకు డబ్బు ఇచ్చేది కౌంటీ కమిషనర్లు గనుక, జూలై 1న మొదలయ్యే ఆర్థిక సంవత్సరానికి బడ్జెట్ ఆమోదించే ముందు వారు తప్పనిసరిగా జరపాల్సిన బహిరంగ విచారణ తేదీ కనుక్కుని, మాట్లాడేవారి జాబితాలో మీ పేరు నమోదు చేయించుకోండి.