వాతావరణ మార్పు నగరాలను ఎలా దెబ్బతీస్తుంది? హైదరాబాద్ లాంటి నగరం ఏం చేయగలదు?

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. అందుకే కురిస్తే కుండపోతగా కురుస్తోంది. 2020 అక్టోబరులో హైదరాబాద్ చూసింది అదే: చెరువులకు గండ్లు పడ్డాయి, కాలనీలు మునిగాయి. తప్పంతా మేఘానిది కాదు. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు అలుగు పారితే ఆ నీరు కాలువ గుండా కింది చెరువుకు చేరాలి. ఆ కాలువ మీదే ఇల్లు కడితే నీరు ఇంట్లోకి రాక ఎక్కడికి పోతుంది?

నగరానికిది కొత్త పాఠమేమీ కాదు. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. అవి వరదను ఆపుతూ ఊరి దాహమూ తీర్చాయి. ఇప్పుడు కొత్త కట్టడాలకన్నా, ఉన్న చెరువుల పూడిక తీసి, నాలాలను ఆక్రమణల నుంచి విడిపించడమే ముందు చేయాల్సిన పని అని నా అభిప్రాయం.

ఎండ సంగతి వేరు. కాంక్రీటు పగలంతా పీల్చుకున్న వేడిని రాత్రి వదులుతుంది. రేకుల ఇళ్లలో ఇక నిద్ర ఉండదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. వేసవికి ముందు డాబాకు సున్నం కొట్టించే పాత అలవాటు కిటుకు కూడా ఇదే: తెల్లటి కప్పు ఎండను తిప్పికొడుతుంది.