3584 కోర్లు అక్కడా ఇక్కడా ఒకటే, మరి ఏ కార్డు కొనాలి?

దేవరకొండ నుంచి ఒక తమ్ముడు అడిగింది ఇదీ: సెకండ్‌హ్యాండ్‌లో జీటీఎక్స్ 1080 టీఐ గ్రాఫిక్స్ కార్డు ఒకటి దొరికింది. ఇంకొంచెం డబ్బు కలిపితే కొత్త ఆర్‌టీఎక్స్ 3060 వస్తుంది. రెండింట్లోనూ క్యూడా కోర్లు (ఎన్విడియా కార్డులో లెక్కలు చేసే చిన్న చిన్న భాగాలు) 3584. మెమరీ బస్ (చిప్పుకూ మెమరీకీ మధ్య దారి వెడల్పు) మాత్రం పాతదానికి 352 బిట్లు, కొత్తదానికి 192 బిట్లే. చూస్తే పాతదే పెద్దగా ఉంది. పెండ్లి వీడియోల ఎడిటింగ్‌కు, తీరిక దొరికితే గేములకు ఏది కొనాలి?

3060 కొనుక్కో తమ్మీ, అది కూడా 12 జీబీదే. ఎందుకో చెప్పేముందు నేను మోసపోయిన సంగతి చెప్తా.

నల్లగొండలో నాది చిన్న ఎడిటింగ్ షాపు. 2019లో సికింద్రాబాద్ పోయి ఒక దుకాణంలో జీటీ 1030 పట్టుకొచ్చిన. డబ్బా మీద 2 జీబీ అని కొట్టొచ్చినట్టు ఉంది. డీడీఆర్4 అన్న ముక్క ఎక్కడో మూలకు ఉంది, నా కంట పడలేదు. నేను చదువుకొని పోయింది జీడీడీఆర్5, అంటే వేగమైన మెమరీ ఉన్న కార్డు గురించి. రెండింటి పేరూ 1030యే, కోర్లూ 384 చొప్పునే. కానీ మెమరీ వేగం ఒకదానికి సెకనుకు 48 జీబీ అయితే, నేను తెచ్చినదానికి 16.8. దానికి తోడు 1030లో వీడియో ఎన్‌కోడర్ (వీడియోను కుదించి ఫైలుగా చేసే భాగం) అసలు ఉండదు. ఎక్స్‌పోర్ట్ కొడితే కార్డు ఫ్యాను హాయిగా తిరిగేది, చాకిరీ అంతా ప్రాసెసర్‌దే. వాపసు అడిగితే ‘సీల్ తీసేశావు కదా’ అన్నడు. ఎవరినని ఏం లాభం, చూసుకోకపోవడం నా తప్పే.

3060లోనూ అదే తిరకాసు ఉంది. 2021లో వచ్చిన 12 జీబీ కార్డుకు 192 బిట్ల బస్, సెకనుకు 360 జీబీ. తర్వాత అదే పేరుతో 8 జీబీది దించారు. దానికి 128 బిట్లే, వేగం 240. కాస్త తక్కువకు వస్తుందని ఆశపడకు.

ఇక బస్ లెక్క. బస్ వెడల్పును 8తో భాగించి, మెమరీ చిప్పుల వేగంతో గుణిస్తే అసలు అంకె, అంటే సెకనుకు ఎన్ని జీబీ అన్నది వస్తుంది. 1080 టీఐకి 44 ఇంటూ 11, అంటే 484. 3060కి 24 ఇంటూ 15, అంటే 360. ఇక్కడ పాతదే గెలిచింది, అందులో దాపరికం లేదు. కానీ వెడల్పు ఒక్కటే చూసి తీర్పు చెప్పొద్దు. జీటీఎక్స్ 1060 6 జీబీకి 192 బిట్లున్నా వచ్చేది 192 జీబీ. ఆర్‌టీఎక్స్ 4060కి 128 బిట్లే, అయినా 272 వస్తుంది. పైగా దాని చిప్‌లోనే 24 ఎంబీ ఎల్2 క్యాష్ (చేతికందే చిన్న మెమరీ) ఉంది కాబట్టి మాటిమాటికీ మెమరీ దాకా పోవాల్సిన పని కూడా తగ్గుతుంది.

కోర్ల సంగతైతే తరం మారితే అంకెలు పక్కపక్కన పెట్టనే కూడదు. 2018 నాటి 2080 టీఐలో 4352 కోర్లు, 2020 నాటి 3070లో 5888. గేముల్లో రెండూ దాదాపు సమానం. మధ్యలో లెక్కపెట్టే పద్ధతే మారింది. మన బజారులో ఒకడు కిలోల్లో, ఇంకొకడు డజన్లలో చెప్తే పోల్చగలమా? నీ రెండు కార్డులకూ ఒకే అంకె రావడం కాకతాళీయం. పాత గేముల్లో రెండూ ఇంచుమించు ఒకటే వేగం, అది నిజమే.

మరి పాతది వద్దని ఎందుకంటున్నా అంటే, పోయిన ఎండాకాలం మా బామ్మర్ది 1080 టీఐ తెచ్చి నా సిస్టంలో పెట్టి చూసినం. బారాత్ క్లిప్పులు చీకట్లో తీసినవి, గింజగింజలుగా ఉన్నయి. ఆ నాయిస్ తీసే ఎఫెక్ట్ వేసి రెండర్ కొట్టిన. కార్డు పూర్తిగా గుంజుతున్న టైంలో కరెంటు పోయింది. షాపులో ఉన్నది 600 వీఏ యూపీఎస్, అది మోసేది 360 వాట్లు. కార్డు ఒక్కటే 250 వాట్లు తాగుతుంది, ప్రాసెసర్, మానిటర్ వేరే. యూపీఎస్ ఆగకుండా కూత పెట్టింది. నేను సేవ్ చేసేలోపే అంతా నల్లగయ్యింది. 3060తో అదే పని చేస్తే యూపీఎస్ మీద అంత బరువు పడదు, అది 170 వాట్ల కార్డు. నల్లగొండ మే నెల ఎండలో, ఏసీ లేని గదిలో ఆ 80 వాట్ల తేడా ఒంటికే తెలుస్తుంది. పాతదానికి 600 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌లో కరెంటు అందించే డబ్బా) ఉండాలని, 6 పిన్నులది ఒకటి, 8 పిన్నులది ఒకటి రెండు కేబుళ్లు కావాలని కూడా గుర్తుంచుకో. లోకల్ ఎస్‌ఎంపీఎస్ మీద రాసిన వాట్లను నేనైతే నమ్మను.

డ్రైవర్ల కథ ఇంకోటి. పాస్కల్ తరానికి, అంటే 1080 టీఐ కుటుంబానికి, 2025 అక్టోబరుతో కొత్త గేముల డ్రైవర్లు ఆగిపోయాయి. 2028 అక్టోబరు దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే. డీఎల్‌ఎస్‌ఎస్ (ఏఐ సాయంతో గేమును వేగంగా నడిపే ఎన్విడియా పద్ధతి) కూడా ఆర్‌టీఎక్స్ కార్డులకే. ఆడేది పాత గేములే, 1080 టీఐ సగం ధరకు వస్తోంది, ఎస్‌ఎంపీఎస్ గట్టిదుంది అంటే మాత్రం నేనూ అడ్డుచెప్పను. అప్పుడైనా అరగంట ఫుల్ లోడ్‌లో నడిపించి చూసినాకే పైసలియ్యి.

కొనేముందు నువ్వు తీసే కెమెరా ఏంటో చూసుకో. కొత్త మిర్రర్‌లెస్‌లలో 4:2:2 10 బిట్ హెచ్.265 (రంగుల వివరం ఎక్కువ ఉంచే వీడియో ఫార్మాట్) పెట్టి షూట్ చేస్తున్నవా? ఆ ఫుటేజ్‌ను ఈ రెండు కార్డులూ హార్డ్‌వేర్‌లో డీకోడ్ చెయ్యలేవు, అంటే విప్పి చూపలేవు. ఎన్విడియాలో ఆ సౌకర్యం 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే మొదలైంది. ఏ 3060 పెట్టినా టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తుంది, నువ్వేమో కార్డును తిడతావు. ఇంటెల్‌లో 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ ఆ పని చేసిపెడుతుంది. నీ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో ఆ గ్రాఫిక్స్ ఉండదు. ఆ పేరేంటో, కెమెరా మోడల్ ఏంటో కింద రాయి, చూసి చెప్తా.