హనుమకొండలో పెయిన్ క్లినిక్ బోర్డు పెట్టే డాక్టర్ల శిక్షణను, ప్రమాణాలను ఎవరు చూస్తారు?

అన్నీ చూసే కమిటీ ఒక్కటంటూ లేదు. బాధ్యత ముక్కలుగా పంచుకుని ఉంది.

నొప్పి వైద్యంలోకి వచ్చేది ఎక్కువగా మత్తు డాక్టర్లే. వాళ్ల ఎండీ కోర్సుకు ప్రమాణాలు పెట్టేది జాతీయ వైద్య కమిషన్‌లోని పీజీ బోర్డు. ఇక్కడి కాకతీయ మెడికల్ కాలేజీలాంటి చోట్ల పరీక్ష పెట్టి డిగ్రీ ఇచ్చేది వరంగల్‌లోనే ఉన్న కాళోజీ హెల్త్ యూనివర్సిటీ.

అసలు విషయం ఆ తర్వాతి శిక్షణలో ఉంది. జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే పెయిన్ మెడిసిన్ ఫెలోషిప్ రెండేళ్లు. ఆసుపత్రికి ముందు గుర్తింపు ఉండాలి. కేసుల సంఖ్య, నేర్పే డాక్టర్లు, సౌకర్యాలు చూశాకే సీట్లిస్తారు. శిక్షణలో ఉన్నవాళ్లు చేసిన ప్రతి ప్రొసీజర్‌నూ లాగ్‌బుక్‌లో రాసి, గైడ్‌తో సంతకం చేయించుకోవాలి. చివర్లో పరీక్ష. 1984లో మొదలైన ఇండియన్ సొసైటీ ఫర్ స్టడీ ఆఫ్ పెయిన్ కూడా కోర్సులు నడుపుతుంది, కానీ అది వృత్తి సంఘమే, లైసెన్సు తీసేసే అధికారం దానికి లేదు. వారాంతపు వర్క్‌షాప్ సర్టిఫికెట్‌నూ రెండేళ్ల ఫెలోషిప్‌నూ ఒకే గాటన కట్టొద్దు. గోడ మీద ఫ్రేములో రెండూ ఒకేలా మెరుస్తాయి మరి!

తీవ్రమైన నొప్పికి వాడే మత్తుమందు మార్ఫిన్ సంగతి వేరు. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించాక, గుర్తింపు పొందిన ఆసుపత్రులు దాన్ని నిల్వ చేసుకోవచ్చు. అక్కడ శిక్షణ పొందిన డాక్టరు ఉండాలి, స్టాకు లెక్క రాయాలి.

డాక్టరు తీరుపై ఫిర్యాదుంటే తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు రాయండి. రిజిస్ట్రేషన్ నంబరు మందుల చీటీ మీదే ఉండాలి.