ఛాంపియన్ సంగతి తర్వాత, ముందు నీ కుక్కను పరిగెత్తించు

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోలు, వంశావళి పేపర్లు చూశాను. డాగ్ షోల్లో గెలిచిన ఆ చెన్నై ఛాంపియన్ మగకుక్క అందగాడే. వచ్చే ఎదకు మన పసుపు ల్యాబ్‌ను (లాబ్రడార్‌ను) వాడితో కట్టిస్తానని, అడ్వాన్సు కూడా ఇచ్చేస్తానని రాశావు. ఇప్పుడే ఇవ్వకు. వాడి గురించి రెండు పేజీలు రాసి, నీ ఆడకుక్క గురించి మాత్రం "చాలా బాగుంది మామయ్యా" అని ఒక్క ముక్కతో సరిపెట్టావు. నా టెన్షనంతా అక్కడే.

కాకి పిల్ల కాకికి ముద్దు. నాకూ అలాగే ఉండేది. నా మొదటి ల్యాబ్‌కు భుజం నిటారు. భుజపుటెముక వెనక్కి వాలి ఉండాల్సింది పోయి నిలువుగా దిగడంతో ముందుకాలు చాచలేక పొట్టి అడుగులు వేసేది. నిలబెట్టి చూస్తే తెలియదు, పరిగెత్తిస్తేనే బయటపడుతుంది. నేను ఎప్పుడూ నిలబెట్టే చూశాను. అప్పు చేసి మరీ కట్టించిన ఛాంపియన్‌కూ అదే లోపం. తల, తోక, బొచ్చు అంత బాగుండేసరికి జడ్జీలు చూసీచూడనట్టు వదిలేశారు కాబోలు. తొమ్మిది పిల్లలు పుట్టాయి. తొమ్మిదింటికీ తల బంగారం, నడక కుట్టుమిషను.

కాబట్టి ముందు నీ కుక్క లోపాలు మూడు కాగితం మీద రాయి. నీకు తోచకపోతే, నువ్వంటే పెద్దగా ఇష్టం లేని బ్రీడర్ని అడుగు, సంతోషంగా చెబుతాడు. ఆ మూడింటిలోనూ సరిగ్గా ఉన్న మగకుక్కను వెతుకు. లోపానికి ఎదురు లోపం మందు కాదు. పొట్టికాళ్లదానికి పొడుగుకాళ్లవాణ్ణి కడితే అన్నీ మధ్యస్తంగా పుడతాయనుకోకు. కొన్ని పొట్టివి, కొన్ని పొడుగువి పుట్టి నీ నెత్తిన కూర్చుంటాయి.

తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను తీసుకోమన్నారు. మగకుక్కను కూడా అలాగే చూడాలి. దాని తల్లి ఎలా ఉంది, తోబుట్టువులు ఎలా ఉన్నాయి, వేరువేరు ఆడకుక్కలకు దానివల్ల పుట్టినవి ఎలా ఉన్నాయి? ఎనిమిదిలో ఒక్కటే మెరిసిన ఛాంపియన్ కంటే, ఎనిమిదీ నిలకడగా ఉన్న ఈతలోంచి వచ్చిన, కప్పులు తక్కువైన కుక్కే నాకు ఇష్టం.

ఇంకో మాట. పేపర్లలో నీ కుక్క తండ్రి పేరూ, ఆ చెన్నైవాడి తండ్రి పేరూ ఒకటే. గమనించావా? అంటే అది మేనరికం కూడా కాదు, అంతకంటే దగ్గర. అన్నాచెల్లెళ్ల బిడ్డల పెళ్లిలో దగ్గరితనం లెక్క (పుట్టే బిడ్డకు ఒకే జన్యువు రెండువైపుల నుంచీ వచ్చే అవకాశం) 6.25 శాతమైతే, ఒకే తండ్రి బిడ్డలను కలిపితే 12.5. మేనమామ, మేనకోడలు పెళ్లి లెక్కే ఇదీ. మీ అత్తా నేనూ మేనరికమే కాబట్టి నేను నీతులు చెప్పకూడదు. అయినా చెబుతున్నాను. దగ్గర సంబంధంతో రూపం కుదురుతుంది, నిజమే. అణిగి ఉన్న జబ్బులూ దాంతోపాటే పైకి లేస్తాయి.

ల్యాబ్‌లలో పీఆర్ఏ అనే కంటిజబ్బు అలాంటిదే. తల్లీ తండ్రీ ఇద్దరూ చెడ్డ జన్యువు మోస్తుంటే, చూపు బాగానే ఉన్న ఆ జంటకు పుట్టిన పిల్లల్లో సగటున నాలుగింట ఒకటి పెద్దయ్యాక గుడ్డిదవుతుంది. బుగ్గ లోపలి నుంచి దూదిపుల్లతో తీసిన నమూనాతో డీఎన్ఏ పరీక్ష అయిపోతుంది. మోస్తోందని తేలినంత మాత్రాన మంచి కుక్కను పక్కన పెట్టకు. ఆ జన్యువు అసలు లేదని పరీక్షలో తేలినవాడితో కడితే ఆ జబ్బు ఏ పిల్లకూ రాదు. సగటున సగం పిల్లలు మాత్రం మోస్తాయి, కాబట్టి ఉంచుకునేదానికి మళ్లీ పరీక్ష చేయించు.

తుంటి కీళ్లు సరిగ్గా కుదరని జబ్బు విషయం ఇంత సులువు కాదు. అది ఒక్క జన్యువుతో పోయేది కాదు, తిండికీ నేలకూ కూడా అందులో వాటా ఉంది. ఇక వయసు మాట. కుక్కల పెంపకం మీద 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం, కట్టించాలంటే ఆడకుక్కకు 18 నెలలు నిండాలి, ఏడాదికి ఒక్క ఈతే, జన్మలో ఐదుకు మించకూడదు. మీదానికి 20 నెలలు, చట్టం అడ్డురాదు. నేను అడ్డొస్తున్నాను. 24 నెలలు నిండాక వెటర్నరీ కాలేజీలో మత్తిచ్చి తుంటి ఎక్స్‌రే తీయించు. ఈ ఎద పోతే పోనీ.

పిల్లలు పుట్టాక గ్రానైట్ నేల మీద పెంచకు. గోనెపట్టానో రబ్బరు చాపో వెయ్యి. క్యాల్షియం సీసాలు మానెయ్. మంచి పప్పీ ఫుడ్డు పెడుతూ పైనుంచి క్యాల్షియం పోస్తే ఎముకలే చెడతాయి. బొద్దుగా ఉంటే షో రింగులో కంటికి ఆనతాయని బాగా మేపేవాళ్లున్నారు. 48 ల్యాబ్ పిల్లలను జతలుగా విడదీసి, జతలో ఒకదానికి పావువంతు తక్కువ తిండి పెట్టి జీవితాంతం చూశారు. తక్కువ తిన్నవాటికి తుంటి బాధ తగ్గింది, దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి.

ఎనిమిది వారాలకు ఒక్కోదాన్నీ బల్ల మీద నిలబెట్టి పక్కనుంచి ఫొటో తియ్యి. అంతకుముందు ఎవరికీ అమ్మకు, అదీ నిబంధనే. వీలైతే రెండింటిని ఉంచుకో. పాలపళ్లు రాలి గట్టిపళ్లు వచ్చాక బైట్, అంటే పైపళ్లూ కిందిపళ్లూ కలిసే తీరు, మారిపోవచ్చు, మగపిల్లకు ఒక వృషణం దిగకపోవచ్చు.

ప్రస్తుతానికి ఒక వీడియో పంపు. ఆరుబయట మట్టినేల మీద, గొలుసు వదులుగా పట్టుకుని, మోస్తరు పరుగులో, పక్కనుంచి ఒకటి, ఎదురుగా ఒకటి. ఇంట్లో టైల్స్ మీద తీశావో, నేను చూడను. దాని కాళ్లు కనబడాలి, నీ మొహం అక్కర్లేదు.

మీ మామయ్య