పట్టని గౌను, పట్టిన మరక

ప్రశ్న: అక్కా, మా పాపకు ఐదేళ్లు. పుట్టినప్పటి నుంచి పొట్టయిపోయినవి, బిగుతయిపోయినవి కలిపి మూడు పెద్ద సంచుల బట్టలున్నాయి. చాలావరకు కొత్తవాటిలాగే ఉంటాయి. పోయిన నెల ఆన్‌లైన్‌లో అమ్ముదామని కూర్చున్నాను. ఒక్కోదానికి ఒక ఫొటో, కింద ‘మూడు నాలుగేళ్ల పాపకు, చాలా తక్కువ వాడింది’ అని ఒక లైను. నలభై పెడితే ఆరు అమ్ముడుపోయాయి. అందులో ఒక గౌను తిరిగొచ్చింది. ‘చంకల దగ్గర పట్టేసింది, పైగా మెడ కింద పసుపు మరక ఉంది, చూసుకోలేదా’ అని ఆమె నిలదీసింది. నిజంగానే చూడలేదక్కా. సంచిలో పెట్టేటప్పుడు తెల్లగా ఉంది. దీనికి తోడు రోజంతా ‘లాస్ట్ ఎంత?’ అనే మెసేజ్‌లు. మా ఆయనేమో ‘ఎవరికైనా ఇచ్చేయరాదూ’ అంటున్నారు. అమ్మనా, ఇచ్చేయనా?
— పేరు వద్దన్న ఒక అమ్మ

జవాబు: మీరు అబద్ధం చెప్పడం లేదని నాకు తెలుసు. ఆ మరక మా ఇంట్లోనూ పడింది. మా వాడి తెల్ల జుబ్బాలు ఆరు, శుభ్రంగా ఉతికి, మడతపెట్టి పెట్టెలో దాచాను. రెండేళ్ల తర్వాత తీస్తే నాలుగింటి మెడ కింద, ఎవరో కావాలని గీసినట్టు, అర్ధచంద్రాకారంలో పసుపు. అది పాలు. బిడ్డ కక్కినప్పుడు మెడ కిందికి జారిన పాలు పైపైన ఉతికితే కనపడకుండా పోతాయి కానీ, కొవ్వు, ప్రొటీను కొంచెం దారాల్లోనే ఉండిపోతాయి. నెలల తరబడి గాలి తగిలేకొద్దీ పసుపెక్కుతాయి. అందుకే ‘దాచేటప్పుడు బాగానే ఉంది’ అనే మాట ఈ వ్యవహారంలో చెల్లదు. ఫొటో తీసే రోజున చూడాలి. అదీ ట్యూబ్‌లైటు కింద కాదు, పగలు కిటికీ దగ్గర. మెడ, చేతుల అంచులు, మోకాళ్లు, కాళ్ల మధ్య టిచ్ బటన్ల పట్టీ, ఈ నాలుగు చోట్లా చూస్తే చాలు. మరక ఉందంటే దాదాపు అక్కడే ఉంటుంది.

పోగొట్టాలంటే వేడినీళ్లు మాత్రం పోయకండి. వేడికి ప్రొటీను గుడ్డకు ఇంకా గట్టిగా పట్టేస్తుంది. ఎంజైములున్న బట్టల సబ్బుపొడి చల్లటి నీళ్లలో కలిపి రాత్రంతా నానబెట్టండి. పొద్దున జాడించి ఎండలో ఆరేయండి. తెల్లబట్టకు ఎండ మంచి మందు. ఉన్ని, పట్టు ఈ నీళ్లలో వేయకండి, ఆ ఎంజైములు వాటి పోగులనే తింటాయి. రెండుసార్లు చేసినా పోకపోతే వదిలేయండి. నేను మా అమ్మాయి గౌను ఒకదాన్ని వదలకుండా బ్రష్షు పెట్టి తోమాను. మరక పోయింది, దానితో పాటు గులాబీ రంగూ పోయింది. ఆ గౌను ఇప్పుడు మా ఇంట్లో అద్దాలు తుడుస్తోంది.

చంకల దగ్గర పట్టేయడానికి వస్తే, ఆ తప్పు మీదీ కాదు, ఆవిడదీ కాదు, ‘మూడు నాలుగేళ్లు’ అనే మాటది. వయసు కొలత కాదు. పుట్టినప్పుడు బిడ్డ పొడవు సుమారు 50 సెంటీమీటర్లు. ఏడాది తిరిగేసరికి 75 దాకా వస్తుంది. రెండో ఏడు ఇంకో 12 పెరుగుతుంది. ఆ తర్వాత జోరు తగ్గి ఏడాదికి ఆరేడు సెంటీమీటర్ల దగ్గర నిలుస్తుంది. అందుకే యూరప్‌లో పిల్లల బట్టల సైజుకు బిడ్డ ఎత్తునే పేరుగా పెట్టుకున్నారు. 50, 56, 62, 68, 74... అలా ఆరేసి సెంటీమీటర్లకు ఒక సైజు. లెక్కేసి చూడండి, మొదటి ఏడాదిలోనే నాలుగు సైజులు దాటేస్తారు. మీ మూడు సంచుల్లో ఒక సంచి ఆ ఒక్క ఏడాదిదే అయి ఉంటుందని నా అనుమానం.

వయసును బట్టి సైజు వేసేవాళ్లలో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. మా అమ్మాయి గౌన్లు రెండు, రెండింటికీ నాలుగేళ్లనే లేబులుంది. ఒకదాని మీద ఒకటి పరిచి చూస్తే ఛాతీ దగ్గర నాలుగు వేళ్లు తేడా. అప్పటి నుంచి నేను లేబులును నమ్మడం మానేసి టేపు పట్టుకున్నాను. గౌనును బల్ల మీద ముడతల్లేకుండా పరచండి. ఈ చంక కింది నుంచి ఆ చంక కిందికి ఎంతో కొలిచి రాయండి. భుజం కుట్టు నుంచి కింది అంచు దాకా ఎంతో రాయండి. ప్యాంటయితే నడుము ఎలాస్టిక్ వదిలేసినప్పుడు ఎంత, సాగదీస్తే ఎంత, కాళ్ల మధ్య కుట్టు నుంచి అంచు దాకా ఎంత. ఆ పక్కనే ‘మా పాప 100 సెంటీమీటర్ల ఎత్తున్నప్పుడు సరిగ్గా పట్టింది’ అని ఒక ముక్క వేయండి. కొనే అమ్మ తన దగ్గరున్న గౌను పరిచి కొలుచుకుంటుంది. నేను ఇలా రాయడం మొదలుపెట్టాక సైజు గొడవతో ఏదీ తిరిగి రాలేదు.

ఒక్క ముచ్చట. అంచు లోపలికి మడిచి కుట్టిన గుడ్డను, పిల్ల పొడుగయ్యాక విప్పి దించుతాం కదా. దించిన చోట పాత మడత గీత ఉండిపోతుంది. ఇస్త్రీకి పోదు. ఆ గీత సంగతి కూడా రాయండి, దగ్గరగా ఒక ఫొటో పెట్టండి. లోపం రాస్తే ఎవరూ కొనరని భయపడతాం. 1995లో ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైటు మొదలైన కొత్తలో అక్కడ మొదటగా అమ్ముడుపోయిన వస్తువు పాడైపోయిన లేజర్ పాయింటర్. అమ్మింది ఆ సైటు పెట్టిన పియెర్ ఒమిడ్యారే. ఇది పాడైపోయింది, తెలుసా అని ఆయనే కొన్నవాణ్ణి అడిగితే, నేను పాడైనవే పోగుచేస్తాను అన్నాడట. మీ గీత గౌను అలాంటి అభిమాని చేతికే పోతుందని కాదు. ముందే చెప్పిన లోపం మీద ఎవరూ దెబ్బలాడరు. అంతే.

ఇక నలభై విడివిడి ఫొటోలంటారా, ఆ ఓపికకు దండం. ఏడాదిలోపు బట్టలు ఎవరూ ఒక్కొక్కటిగా వెతకరు. వెతికినా ఒక్క జుబ్బాకు వచ్చే డబ్బు పార్సిలు ఖర్చుకే సరి. ఒకే సైజువి పది పన్నెండు కలిపి కట్టగా పెట్టండి. ఆ కట్టలో ఒకటి కంటికి ఇంపైనది పైన కనపడేలా పరచండి. విడిగా అమ్మదగ్గవి స్వెటర్లు, కోట్లు, రెయిన్‌కోట్లు, పండక్కి రెండుసార్లు వేసి దాచిన గౌన్లు. చలికోటు చలి మొదలవకముందే పెట్టాలి, మధ్యలో పెడితే అప్పటికే అందరూ కొనేసి ఉంటారు. ఇంకో సంగతి, ఆరేళ్లు దాటిన పిల్లల ప్యాంట్లు బాగున్నవి దొరకవు. ఆ వయసులో మోకాళ్లు చిల్లులు పడకుండా మిగిలిన ప్యాంటు అపురూపం. ఉంటే బేరమాడకండి, నిలబడి అమ్మండి.

ధర ఎంత పెట్టాలో మీరడగలేదు గానీ అసలు చిక్కు అక్కడే ఉంది. మనం కొన్న ధర గుర్తుంటుంది. అది వేసుకుని పాప మొదటి అడుగు వేసింది కూడా గుర్తుంటుంది. రెండూ కలిపి ధర కట్టేస్తాం. కొనే అమ్మకు కనిపించేది వాడిన గౌను ఒక్కటే. మామూలు బట్టకు కొత్తదాని ధరలో మూడో వంతు దగ్గర మొదలుపెట్టండి, లేబులు కూడా తీయనిదైతే సగం అడగొచ్చు. ‘లాస్ట్ ఎంత’కు మందు కూడా చెప్తాను. ‘ఒక్కటి తీసుకుంటే ఇదే ధర, రెండు తీసుకుంటే పార్సిలు ఖర్చు నాది’ అని ముందే రాసిపెట్టండి. నాకు మెసేజ్‌లు సగానికి సగం తగ్గాయి.

బేరం కూడా ఆడకుండా, గౌను గురించి ఒక్క ప్రశ్న వేయకుండా, ‘వెంటనే డబ్బులు పంపిస్తాను, ఈ కోడ్ స్కాన్ చేయండి’ అనేవాణ్ణి అక్కడికక్కడే బ్లాక్ చేయండి. మనకు డబ్బు రావడానికి మనం పిన్ను కొట్టక్కర్లేదు, ఓటీపీ చెప్పక్కర్లేదు. ‘పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది తిరిగివ్వండి’ అన్నా అదే పని. మెసేజ్‌లో చూపించిన స్క్రీన్‌షాట్ కాదు, మీ ఖాతాలో డబ్బు పడిందా లేదా చూసుకోండి.

మీ ఆయన అన్నదీ తీసిపారేయాల్సింది కాదు. ఒక బట్టను వెతికి, చూసి, కొలిచి, ఫొటో తీసి, రాసి, ప్యాక్ చేసేసరికి నాకు అరగంట పడుతుంది. అరగంటకు గిట్టనిది నేను అమ్మను, ఇచ్చేస్తాను. మీ మూడు సంచుల్లో అమ్మకానికి నిలిచేది ఒక సంచి ఉంటుందేమో. ఇచ్చినా, అమ్మినా ఒక్కటి చూడండి. టోపీకో మెడకో తాడు వేలాడే స్వెటరుంటే ఆ తాడు లాగి పారేయండి. జారుడుబల్ల మీద చిక్కుకుని పిల్లల మెడకు బిగుసుకుంటుంది. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రత చూసే కమిషన్ 1996లోనే అలాంటి తాళ్లు వద్దని తయారీదారులకు చెప్పింది. వదులైన గుండీ ఉంటే బిగించి కుట్టండి, లేదా తీసేయండి. మూడేళ్లలోపు పిల్లల చేతికి ఊడొచ్చిన గుండీ నేరుగా నోట్లోకే పోతుంది.

ప్రశ్న: మేడమ్, గౌను ఒక్కటే పరిచి ఫొటో పెడితే ఎవరూ చూడటం లేదు. మా పాప వేసుకున్న ఫొటో పెడితే గంటలో ముగ్గురు అడిగారు. అలా పెట్టొచ్చా? మా ఆవిడ వద్దంటోంది.
— ఒక నాన్న

జవాబు: మీ ఆవిడ మాట వినండి. అపరిచితులు చూసే చోట పాప ముఖం, మీ ఇల్లు, అవతల ఏ ఊళ్లో ఉన్నారో, ఇవన్నీ గౌనుతో కలిపి ఎందుకు? ముఖం కత్తిరించి పెడతాననకండి, అమ్ముడుపోయాక కూడా ఆ ఫొటో ఎవరి ఫోన్లో ఉంటుందో మీకు తెలియదు. గౌనును తెల్ల దుప్పటి మీద పరిచి, చేతులు కాస్త విడదీసి, లోపల పల్చటి టవల్ ఒకటి మడిచి పెట్టండి. ఉబ్బెత్తుగా, వేసుకున్నట్టే కనిపిస్తుంది. స్కూలు యూనిఫాం అమ్మేటప్పుడు బ్యాడ్జీ, కాలరు వెనక పేరు రాసిన పట్టీ విప్పేయండి. ఫోన్ కెమెరాలో లొకేషన్ కూడా ఆపండి. ఎవరైనా ‘ఒరిజినల్ ఫొటో పంపండి’ అంటే, తీసిన చోటు వివరం అందులో దాక్కుని వెళ్లొచ్చు.

ప్రశ్న: అమ్మా, నా మనవడి పసితనపు బట్టలు నాఫ్తలీన్ ఉండలు వేసి పెట్టెలో దాచాను. ఒక్క పురుగు ముట్టలేదు. కోడలు అవి ఆన్‌లైన్‌లో పెట్టనంటోంది, వాసనట. రెండు రోజులు ఎండేస్తే పోదా?
— ఒక నానమ్మ

జవాబు: పెద్దవారు, కాదనడానికి మొహమాటంగా ఉంది, కానీ కోడలిదే న్యాయం. ఆ ఉండలు చూస్తుండగానే చిన్నవైపోతాయి కదా, అవి ఎక్కడికీ పోవడం లేదు, ఆవిరై బట్టల్లోకే చేరుతున్నాయి. జి6పిడి అనే ఎంజైము ఒంట్లో తక్కువగా ఉండే పిల్లలుంటారు. నాఫ్తలీన్ వాళ్ల ఒంట్లో ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. పసిబిడ్డకైతే కామెర్లు ముదురుతాయి. ఆ లోపం ఉందో లేదో పైకి చూస్తే తెలియదు, కొనుక్కున్న తల్లికీ తెలియకపోవచ్చు. అందుకే పొత్తిళ్ల వయసు బట్టలు ఆ పెట్టెలోవి ఎవరికీ అమ్మకండి, ఊరికే కూడా ఇవ్వకండి. తుడుపుగుడ్డలు చేసుకోండి. ఇకమీదట పూర్తిగా ఆరిన బట్టను మూతున్న డబ్బాలో ఉండల్లేకుండా దాచండి. తడి లేకపోతే బూజు రాదు, మరక లేకపోతే పురుగు పెద్దగా రాదు.

ప్రశ్న: మా వాడికి ఏడేళ్లు. వాడి పాత పసుపు స్వెటర్ అమ్ముడుపోయింది. పార్సిలు కవరులో పెడుతుంటే చూసి, నాది ఎందుకిస్తున్నావని గంట ఏడ్చాడు. రెండేళ్లుగా దానివంక కూడా చూడలేదు! డబ్బు వచ్చేసింది. ఏం చేయను?
— టెన్షన్‌లో ఉన్న అమ్మ

జవాబు: డబ్బు వచ్చేసింది కాబట్టి స్వెటర్ వెళ్లాల్సిందే. మాట తప్పితే అవతల ఇంకో పిల్లవాడు ఎదురుచూస్తుంటాడు, ఆ మాటే మీ వాడికి చెప్పండి. కానీ అడగకుండా తీయడం మాత్రం మీ తప్పు. నేనూ అదే తప్పు చేశాను, మా అమ్మాయి రెండు రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక అట్టపెట్టె ఇచ్చి, ఇందులో పట్టినన్ని నీవి, ఎవరూ ముట్టరు అన్నాను. పట్టుగౌను దాచుకుంటుందనుకున్నాను. దాన్ని పక్కకు నెట్టి, బొటనవేలు దగ్గర చిల్లుపడ్డ ఒంటి మేజోడు పెట్టుకుంది. ఎందుకని అడిగితే, అదే తన పాము అంది. దాన్ని చేతికి తొడుక్కుని చిల్లులోంచి వేలు బయటికి పెడితే నాలుక అట.

మీ వాడికీ ఒక పెట్టె ఇచ్చి, మిగతావాటికి జిప్పులు పనిచేస్తున్నాయా లేదా చూసే ఉద్యోగం అప్పజెప్పండి. మొదటి జిప్పు లాగగానే డబ్బులో తన వాటా ఎంతని అడుగుతాడు. ఒక అంకె ఇప్పుడే అనుకుని ఉంచుకోండి.