పెద్ద డిటెక్టర్‌కు తొందర ఎందుకు తక్కువ?

చిరంజీవికి ఆశీస్సులు.

వైర్లు లేకుండా కాంతితో డేటా పంపడంపై నువ్వు రాసిన వ్యాసం చదివాను. చదివిస్తోంది. కానీ ‘విప్లవాత్మకం’ అన్న మాట పేరాకోసారి తగులుతోంది. అది కొట్టేసి, ఆ వేగానికి అడ్డుపడుతున్నది ఏమిటో రాయి. అసలు కథ అక్కడుంది.

కాంతిని పట్టే డిటెక్టర్‌ను వానలో పెట్టిన తొట్టితో పోల్చావు. పెద్దదైతే ఎక్కువ కాంతి పడుతుందన్నావు, నిజమే. పోలికను మాత్రం సగంలో వదిలేశావు. అడుగున కన్నం చిన్నదే ఉండి తొట్టి పెద్దదైతే, ఖాళీ కావడానికి ఎక్కువసేపు పడుతుంది. పాత నీళ్లు పోకముందే కొత్త చినుకు వచ్చిపడుతుంది. డిటెక్టర్‌లో కాంతిని కరెంటుగా మార్చే ఫోటోడయోడ్ వైశాల్యం పెంచితే కెపాసిటెన్స్, అంటే విద్యుదావేశాన్ని పట్టి ఉంచే గుణం, పెరిగి జరిగేది ఇదే. 50 ఓమ్‌ల లోడ్‌కు (డయోడ్ కరెంటు పారే నిరోధకానికి) 10 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉన్న డయోడ్ కలిపితే సుమారు 318 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ అందుతుంది, అంటే అంత వేగంగా మారే సంకేతం దాకా పట్టుకోగలదు. 100 పికోఫారడ్‌లైతే 32 దగ్గరే ఆగిపోతుంది. ఈ లెక్క ఒక్కటి వేసి చూపిస్తే పాఠకుడికి విషయం పట్టుబడుతుంది.

డయోడ్‌లోని సిలికాన్ పొర మందం పెంచితే కెపాసిటెన్స్ తగ్గుతుంది కదా అని ఎవరైనా అడగొచ్చు. తగ్గుతుంది, కానీ ఎలక్ట్రాన్లు ఆ మందం దాటడానికి ఎక్కువ సమయం తీసుకుంటాయి. చిన్న డయోడ్ మీదికే కాంతిని పోగేసే లెన్స్ పెడదామంటే చూపు కోణం ఇరుకవుతుంది, ఫోన్ కాస్త వంగితే లింకు తెగిపోతుంది.

అందుకే ఫ్లోరసెంట్ ఫైబర్ గురించి నువ్వు ఒక్క వాక్యంతో సరిపెట్టడం నాకు నచ్చలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా ఇష్టమైన ఉపాయం అదే! 2016లో ఫేస్‌బుక్ పరిశోధకులు రంగు కలిపిన ప్లాస్టిక్ ఫైబర్లతో 126 చదరపు సెంటీమీటర్ల డిటెక్టర్ చేశారు. ఎటు నుంచి వచ్చిన నీలి కాంతినైనా ఆ రంగు పీల్చుకుని, ఫైబర్ లోపలే ఆకుపచ్చ కాంతిగా వదులుతుంది. అందులో కొంత ఫైబర్ వెంట జారుకుంటూ చివరనున్న చిన్న డయోడ్‌కు చేరుతుంది. పట్టే వల పెద్దది, డయోడ్ చిన్నది. సెకనుకు 2 గిగాబిట్లు దాటించారు. ఇక్కడా తిరకాసు లేకపోలేదు: పీల్చిన కాంతిని రంగు తిరిగి వదలడానికి నానోసెకన్ల లెక్కలో ఆలస్యం అవుతుంది. అదీ రాయి, దాచకు.

కాంతి మీద మాటను పంపిన 1880 నాటి బెల్ ఫోటోఫోన్‌తో మొదలుపెట్టడం అందరూ చేసేదే. ఉంచాలనుకుంటే, మాట వినిపించడానికి సరిపోయిన దాని సెలీనియం డిటెక్టర్ ఇప్పటి వేగాలకు ఎందుకు పనికిరాదో చెప్పి ఉంచు.

సర్క్యూట్ బొమ్మలు తగ్గించు. డయోడ్ సంకేతాన్ని పెంచే ఆంప్లిఫయర్ తనవంతుగా కలిపే నాయిస్ (అక్కర్లేని రొద) గురించి మాత్రం ఒక పేరా కావాలి, అది లేకుండా పంపకు.