క్రైస్తవ నవలలు ఇక్కడ కొనుక్కుని వెళ్లాలా, అక్కడ చూసుకోవాలా?

తిరుపతిలో ఇంజనీరింగ్ అయిపోయి ఆగస్టులో ఎమ్మెస్‌కు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఉన్న గ్రాండ్ రాపిడ్స్ వెళ్తున్న ఒక చెల్లి అడిగింది: "అన్నా, అమెరికాలో క్రైస్తవ నవలలకు వేరే అర ఉంటుందట కదా, ఈమధ్య వచ్చినవాటిలో ఏవి బాగుంటాయి, ఇక్కడే కొనుక్కుని రావాలా?" నేనూ పద్నాలుగేళ్లుగా ఆ ఊళ్లోనే ఉన్నాను. ఇప్పుడు సెలవుకు వచ్చి చిత్తూరులో అమ్మ దగ్గర కూర్చుని రాస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

కొనుక్కుని వెళ్లొద్దమ్మా. ఆ బరువుకు చింతపండు, కందిపొడి పెట్టుకో. నువ్వు వెళ్లే ఊరు ఈ పుస్తకాలకు పుట్టిల్లు లాంటిది. జాండర్వన్, క్రెగెల్ అనే క్రైస్తవ ప్రచురణ సంస్థలు అక్కడివే, రెవెల్, బెథనీ హౌస్ అనే పేర్లతో నవలలు వేసే బేకర్ సంస్థ పక్కనే ఏడా అనే చిన్న ఊళ్లో ఉంది. ఇంకో సంగతి, మదనపల్లె, పలమనేరు, పుంగనూరు వైపు బడులూ ఆస్పత్రులూ పెట్టిన ఆర్కాటు మిషన్ 1853లో మొదలైంది కదా, దాన్ని నడిపిన రిఫార్మ్‌డ్ చర్చి వాళ్లు ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ఇదొకటి. నేను మొదటి ఆదివారం చర్చికి వెళ్లి మాది చిత్తూరు అంటే ఒక పెద్దావిడ వెంటనే ఆ మిషన్ మొదలుపెట్టిన స్కడ్డర్ల పేరెత్తింది. పరాయి దేశంలో మన ఊరి పేరు తెలిసిన మనిషి కనిపిస్తే ఎంత ధైర్యంగా ఉంటుందో నీకూ తెలుస్తుంది.

దిగిన వారంలోనే అద్దె ఒప్పందం కాగితం తీసుకుని పబ్లిక్ లైబ్రరీకి వెళ్లు. అడ్రసు చూపిస్తే కార్డు ఉచితంగా ఇస్తారు. ఆ కార్డు నంబరుతో ఫోన్లో లిబ్బీ యాప్ పెట్టుకుంటే ఈ-బుక్కులూ ఆడియో పుస్తకాలూ వస్తాయి, గడువు కాగానే వాటంతట అవే వెనక్కి పోతాయి, ఫైను టెన్షన్ ఉండదు. కొత్త నవలకు వెయిటింగ్ ఉంటుంది కాబట్టి నాలుగైదు ఒకేసారి హోల్డ్‌లో పెట్టు. బస్సులో ఆడియో వింటే వాళ్ల మాట తీరు కూడా తొందరగా చెవికి పడుతుంది.

ఇక పుస్తకాలు. 'క్రిస్టియన్ ఫిక్షన్' అని రాసి ఉన్న అరలో సగం, కార్లూ కరెంటూ వద్దని పాతకాలం పద్ధతిలో బతికే ఆమిష్ అనే క్రైస్తవ వర్గం వాళ్ల ప్రేమకథలే, అట్టమీద తెల్ల టోపీ పెట్టుకున్న అమ్మాయి బొమ్మ ఉంటుంది. అసభ్యత ఉండదు, ఇంట్లో ఎవరి ముందైనా చదవొచ్చు, పరీక్షల తర్వాత అలసిపోయినప్పుడు బాగానే ఉంటాయి. కానీ చివరి అధ్యాయంలో ఏం జరుగుతుందో మొదటి పేజీలోనే తెలిసిపోతే నాకు తృప్తి ఉండదు. అందరూ చెప్పే ఇంకో పుస్తకం ఫ్రాన్సీన్ రివర్స్ రాసిన 'రిడీమింగ్ లవ్'. 1991 నాటిది, బైబిల్లోని హోషేయ గ్రంథాన్ని కాలిఫోర్నియా బంగారు గనుల కాలంలో పెట్టి చెప్పిన కథ. అందులో చిన్నపిల్లను వ్యభిచారంలోకి అమ్మేసే ఘట్టాలు ఉన్నాయి, ఒంటరిగా ఉన్న మొదటి నెలల్లో దాన్ని ముట్టుకోవద్దని నా సలహా.

నువ్వు మొదట చదవాల్సింది మెరిలిన్ రాబిన్సన్. ఆమె నవలలు ఆ అరలో దొరకవు, మామూలు నవలల్లో ఉంటాయి. 'గిలియడ్' 2004లో వచ్చింది, మరుసటి ఏడాది దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. మన బైబిల్లో గిలాదు అని చదువుకుంటామే, ఆ పేరున్న అయోవాలోని చిన్న ఊళ్లో, 1956లో, గుండె జబ్బుతో ఉన్న డెబ్బై ఆరేళ్ల పాస్టరు, తాను పోయాక పెద్దవాడయ్యే ఏడేళ్ల కొడుక్కి రాసుకునే ఉత్తరం అది. కథ పరుగెత్తదు, పది పేజీలు చదివి ఆపేసినా ఫరవాలేదు. మా తాత పలమనేరు దగ్గర పల్లెలో ఉపదేశిగా ఉండేవాడు, సైకిల్ మీద ప్రార్థన కూటాలకు తిరిగేవాడు, ఆయన మాకు ఒక్క ఉత్తరం కూడా రాయలేదు. జనవరిలో కిటికీ బయట మంచు నిండి ఉంటే ఆ పుస్తకం చదువుతూ, తాత రాసి ఉంటే ఇలాగే రాసేవాడనిపించి ఏడ్చాను. నా అప్పటి రూమ్మేటు తిరుపతి కుర్రాడు, ప్రతి శనివారం ఉపవాసం ఉండేవాడు, చర్చి గడప తొక్కి ఎరగడు. నా తర్వాత వాడు చదివి, ఆ రాత్రే వాళ్ల నాన్నకు ఫోన్ చేశాడు.

అదే ఊరివాళ్ల కథలు ఇంకో మూడున్నాయి. 'హోమ్' తప్పిపోయిన కుమారుడి ఉపమానం గుర్తుచేస్తుంది, అయితే ఇక్కడ కొడుకు తిరిగొచ్చాక ఇంట్లో ఏం జరుగుతుందన్నదే కథంతా. 'లైలా' దిక్కులేకుండా పెరిగిన ఆడమనిషి కథ. 2020లో వచ్చిన 'జాక్' సెయింట్ లూయిస్‌లో ఒక తెల్ల పాస్టరు కొడుకు, ఒక నల్లజాతి బిషప్పు కూతురు ప్రేమించుకోవడం. అప్పటి చట్టం ప్రకారం వాళ్ల పెళ్లి చెల్లదు. దేవుడి ముందు అందరూ ఒకటే అని ఆదివారం పాడి, సోమవారం సంబంధానికి కులం అడిగే ఇళ్లు మనకు తెలుసు కాబట్టి, ఈ నవల మనకు సూటిగా తగులుతుంది.

కొత్తవాటిలో నేను అందరికీ చెప్పేది 2023లో వచ్చిన అబ్రహం వర్గీస్ నవల 'ద కవెనంట్ ఆఫ్ వాటర్'. ఏడువందల పేజీలు దాటుతుంది, బెదిరిపోకు. 1900లో తిరువాన్కూరులో పన్నెండేళ్ల పిల్లను నలభై ఏళ్ల వాడికిచ్చి చేయడంతో మొదలై 1977 దాకా నడుస్తుంది. ప్రతి తరంలో ఒకరు నీళ్లలో పడి చనిపోయే సిరియన్ క్రైస్తవ కుటుంబం అది. మద్రాసు ఆస్పత్రులు, కుష్ఠురోగుల ఆశ్రమం కూడా వస్తాయి. చిత్తూరు నుంచి రాయవేలూరు సీఎంసీకి, కరిగిరి కుష్ఠు ఆస్పత్రికి బస్సెక్కి వెళ్లినవాళ్లకు ఆ వరండాలు కళ్లముందు కనిపిస్తాయి. మన అమ్మమ్మల్లాంటి మనిషి ఇంగ్లీషు నవల మధ్యలో కూర్చుని ప్రార్థన చేసుకుంటూ ఉంటే, నాకైతే ఆ దేశంలో ఒంటరినన్న భావం చాలా రోజులు రాలేదు. కొంచెం డబ్బు చేతిలో ఆడాక ఇది మాత్రం కొనుక్కో, లైబ్రరీ గడువులో పూర్తికాదు.

పెట్టెలో పెట్టుకోవాల్సిన పుస్తకాలు రెండే, తెలుగు బైబిలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. ఆ రెండూ అక్కడి అంగళ్లలో నాకు దొరకలేదు, తర్వాత మా అమ్మ చేత తెప్పించుకున్నాను.